విదేశాల్లో చేర్చుకున్న ఉద్యోగికి మన సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఇవ్వొచ్చా?

ఇక్కడ కొన్న సాఫ్ట్‌వేర్‌ని విదేశాల్లో, అక్కడే ఉద్యోగంలో చేర్చుకున్న వాళ్ల చేతికి ఇవ్వడం గురించి వచ్చిన ఎనిమిది ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ప్రశ్న పంపేటప్పుడు ఇన్వాయిస్ ఏ కంపెనీ పేరున ఉందో, ఆ ఉద్యోగికి జీతం ఏ కంపెనీ ఇస్తుందో తప్పక రాయండి. ఆ రెండూ తెలియకపోతే జవాబు సగంలోనే ఆగిపోతుంది.

ప్రశ్న: మాది మాదాపూర్‌లో స్ట్రక్చరల్ డ్రాయింగులు చేసే కంపెనీ. ఇక్కడి డీలరు దగ్గర 40 ఆటోక్యాడ్ సబ్‌స్క్రిప్షన్లు తీసుకున్నాం. అందులో 8 ఖాళీగా ఉన్నాయి. దుబాయ్‌లో మా కంపెనీ ఒకటి పెట్టి, అక్కడే ఆరుగురిని చేర్చుకున్నాం. ఖాళీగా పడి ఉన్న సీట్లు వాళ్లకి ఇస్తే తప్పేముంది? డబ్బు కట్టినవే కదా!
*- ఆపరేషన్స్ మేనేజర్, హైదరాబాద్*

జవాబు: మీరు డబ్బు కట్టింది సాఫ్ట్‌వేర్‌కి కాదండీ, దాన్ని వాడుకునే హక్కుకి. ఎవరు వాడాలి, ఎక్కడ వాడాలి అన్న హద్దులు ఆ హక్కుతోనే వస్తాయి. అవి ఒప్పందంలో మూడు చోట్ల దొరుకుతాయి.

మొదటిది, కొన్నవారి పేరు. ఇన్వాయిస్ మీ హైదరాబాద్ ప్రైవేట్ లిమిటెడ్ పేరున ఉంది. దుబాయ్ కంపెనీలో నూటికి నూరు వాటాలు మీవే అయినా చట్టం దృష్టిలో అది వేరే వ్యక్తి. అందుకని ఒప్పందంలో ‘అఫిలియేట్’ అన్న మాటకి ఇచ్చిన నిర్వచనం వెతకండి. అఫిలియేట్లు కూడా వాడుకోవచ్చని ఉంటే మొదటి గడప దాటినట్టే. చాలా ఒప్పందాల్లో అఫిలియేట్ అంటే 50 శాతానికి మించిన వాటా ఉన్న సంస్థ. గల్ఫ్‌లో మనవాళ్ల కంపెనీలు చాలా వరకు ఇక్కడే చిక్కుకుంటాయి. యూఏఈలో ఫ్రీజోన్ (విదేశీయులు పూర్తి వాటా పెట్టుకోగల ప్రత్యేక వ్యాపార మండలం) బయట పెట్టే కంపెనీల్లో 51 శాతం స్థానికుల పేరున ఉండాలన్న నియమం 2021 జూన్ 1 నుంచి ఎక్కువ వ్యాపారాలకు పోయింది. అంతకుముందు పెట్టి, ఆ తర్వాత వాటాలు మార్చుకోని చాలా కంపెనీల్లో మనవాళ్ల వాటా కాగితం మీద 49 శాతమే. వ్యాపారమంతా మీరే నడుపుతున్నా ఆ లెక్కన అది మీ అఫిలియేట్ కాదు. మీ దుబాయ్ కంపెనీ అంత పాతదైతే ముందు వాటాల పత్రం తీసి చూడండి.

రెండోది, దేశం. ఆటోడెస్క్ షరతుల్లో ‘టెరిటరీ’ అన్న మాట ఉంటుంది. ఆర్డరులో వేరే దేశం పేరు రాయకపోతే, సబ్‌స్క్రిప్షన్ ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశమే టెరిటరీ. మీది ఇండియా. దుబాయ్‌లో కూర్చున్న మనిషి రోజూ దాన్ని తెరిచి పనిచేస్తే హద్దు దాటినట్టే. ఒక్కో దేశంలో ధర వేరు, అమ్మే డీలరు వేరు కాబట్టే తయారీదారులు ఈ షరతు పెడతారు.

మూడోది, వాడేవారు. ఇప్పటి ఆటోక్యాడ్ సీటు మనిషి పేరున ఉంటుంది, ఆ మనిషి ఈమెయిల్‌తో లాగిన్ కావాలి. మీ హైదరాబాద్ ఇంజనీరు రెండు వారాలు సైటు పనికి దుబాయ్ వెళ్లడం, దుబాయ్‌లోనే చేరిన ఉద్యోగికి ఏడాది పొడవునా సీటు ఇవ్వడం ఒకటి కావు. మొదటిదానికి చాలా షరతుల్లో వెసులుబాటు ఉంటుంది. రెండోదానికి విడిగా రాసి ఉంటేనే.

హైదరాబాద్‌లో ఒక వర్క్‌స్టేషన్ పెట్టి దుబాయ్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో వాడుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. మిషను ఇక్కడున్నా వాడే మనిషి అక్కడున్నాడు. రిమోట్‌గా వాడటాన్ని చాలా ఒప్పందాలు పేరు పెట్టి మరీ ప్రస్తావిస్తాయి. వీపీఎన్ పెట్టి ఐపీ అడ్రసు ఇండియాదిగా చూపిస్తే ఇంకా ప్రమాదం. పొరపాటున జరిగిందని చెప్పుకునే వీలు కూడా పోతుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాం. అడ్మిన్ ఖాతాలోంచి వాడేవారి జాబితా ఎక్సెల్‌లోకి దించండి. ప్రతి పేరు పక్కన జీతమిచ్చే కంపెనీ, కూర్చునే దేశం రాయండి. తర్వాత డీలరుకు ఈమెయిల్ పెట్టండి: ‘ఫలానా కాంట్రాక్టు నంబరు కింది సీట్లను యూఏఈలోని మా ఫలానా కంపెనీ ఉద్యోగులు ఆరుగురు రోజువారీ పనికి వాడుకోవచ్చా? తయారీదారు నుంచి రాతపూర్వకంగా జవాబు కావాలి.’ ‘తయారీదారు నుంచి’ అన్న మాట వదలొద్దు. తయారీదారు రాసిన షరతును మార్చే అధికారం డీలరుకు ఉండదు, ‘పర్లేదు సార్’ అన్న వాట్సాప్ మెసేజ్ రేపు ఆడిట్‌లో పనికిరాదు.

కుదరదని జవాబొస్తే రెన్యువల్‌లో ఇక్కడ 40 బదులు 32 తీసుకుని, దుబాయ్‌లో ఆ కంపెనీ పేరున అక్కడి డీలరు దగ్గర కొనండి. ఆరూ కొనాలా అన్నది కూడా చూసుకోండి. డ్రాయింగు తెరిచి చూసి, కొలతలు సరిచూసి, ప్రింటు తీసుకునే వాళ్లకి ఆటోడెస్క్ ఉచితంగా ఇచ్చే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ చాలు. గీసేవాళ్లు ముగ్గురే అయితే మూడు సీట్లే కొంటారు.

ప్రశ్న: మా స్టార్టప్‌లో హైదరాబాద్‌లో 180 మంది ఉన్నారు. ఫిలిప్పీన్స్, పోలండ్‌లలో 75 మందిని ‘ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్’ సంస్థ ద్వారా తీసుకున్నాం. అక్కడ మాకు కంపెనీ లేదు. వాళ్లని మా ఉద్యోగులుగానే లెక్కేసి సాఫ్ట్‌వేర్ ఇవ్వొచ్చా?
*- హెచ్‌ఆర్ విభాగం, గచ్చిబౌలి*

జవాబు: పని మీది, జీతం చీటీ ఆ సంస్థది. అపాయింట్‌మెంట్ లెటర్ మీద మీ పేరు లేదు కాబట్టి చట్టప్రకారం వాళ్లు మీ ఉద్యోగులు కారు. నేరుగా మీతో ఒప్పందం ఉన్న కాంట్రాక్టర్లూ కారు. కొన్ని లైసెన్సులు ‘మీ ఉద్యోగులు’ అని మాత్రమే అంటాయి, కొన్ని ‘మీ తరఫున పనిచేసే కాంట్రాక్టర్లు కూడా’ అంటాయి. మొదటి రకమైతే అనుమతి తీసుకోకుండా ఇవ్వకండి. రెండో రకం సాధారణంగా సరిపోతుంది, అయితే ఆ పని పూర్తిగా మీ కంపెనీ కోసమే అయి ఉండాలి.

ఆ సంస్థతో రాసుకున్న ఒప్పందంలో రెండు వాక్యాలు ఉన్నాయో లేదో చూడండి. ఆ ఉద్యోగి రాసిన కోడు మీద హక్కు ముందు ఆ సంస్థకి, అక్కడి నుంచి మీకు బదిలీ అవుతుందన్నది ఒకటి. మీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు షరతులకు ఆ ఉద్యోగి కట్టుబడి ఉంటాడన్నది రెండోది. ల్యాప్‌టాప్ ఎవరు కొన్నారో కూడా కనుక్కోండి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ లైసెన్సు ఆ మిషనుకే అంటిపెట్టుకుని ఉంటుంది. ఒప్పందం ముగిశాక మిషను వాళ్లదైతే లైసెన్సూ వాళ్లదే.

మీరు అడగని ప్రమాదం ఇంకొకటి ఉంది. అది డబ్బుకి సంబంధించింది. కొన్ని సాఫ్ట్‌వేర్లకు వాడేవాళ్లను కాదు, కంపెనీలో ఉన్నవాళ్లందరినీ లెక్కేస్తారు. ప్రోగ్రామర్లు వాడే డాకర్ డెస్క్‌టాప్ ఉచితంగా వాడాలంటే ఉద్యోగులు 250 కన్నా తక్కువ, ఏడాది రాబడి కోటి డాలర్ల కన్నా తక్కువ ఉండాలి. రెండూ ఉండాలి. ఆ 75 మందినీ ఉద్యోగులుగా లెక్కేస్తే మీ 180తో కలిపి 255. గీత దాటినట్టే. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ప్రోగ్రామింగ్ టూలు విజువల్ స్టూడియో కమ్యూనిటీకి ఇంకా కఠినం. కంప్యూటర్లు గానీ వాడకందార్లు గానీ 250కి మించి ఉన్నా, 10 లక్షల డాలర్ల పైన ఏడాది రాబడి ఉన్నా మిమ్మల్ని పెద్ద సంస్థ కిందే చూస్తారు.

అన్నిటికన్నా బరువైనది ఒరాకిల్ జావా. 2023 జనవరిలో తెచ్చిన పద్ధతిలో పూర్తికాలం, పార్ట్‌టైమ్, తాత్కాలిక ఉద్యోగులతోపాటు కంపెనీ పనికి తోడ్పడే కాంట్రాక్టర్లు, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది కూడా లెక్కలోకి వస్తారు. వాళ్లలో జావా వాడేది పదిమందే అయినా సరే. 999 మంది దాకా జాబితా ధర మనిషికి నెలకు 15 డాలర్లు. 255 మందికి ఏడాదికి 45,900 డాలర్లు అవుతుంది. అందుకే విదేశీ ఉద్యోగులకు ల్యాప్‌టాప్ సిద్ధం చేసేటప్పుడు ఒరాకిల్ వెబ్‌సైటు నుంచి జావా దించుకోవద్దని ముందే చెప్పాలి. ఎక్లిప్స్ టెమురిన్ లాంటి ఓపెన్ జేడీకే బిల్డు (ఉచితంగా దొరికే జావా) వేసిన ఇమేజ్ మీరే తయారుచేసి పంపండి. చాలా పనులకు ఏ తేడా రాదు.

ప్రశ్న: మైక్రోసాఫ్ట్ 365 లైసెన్సులు ఇండియాలో కొన్నాం. వియత్నాంలో చేర్చుకున్న వాళ్లకి అడ్మిన్ సెంటర్ నుంచి కేటాయిస్తే సరిపోతుందా? చైనాలో కూడా ఇద్దరు ఉన్నారు.
*- ఐటీ అడ్మిన్, విశాఖపట్నం*

జవాబు: ముందు వాటాల లెక్క. మైక్రోసాఫ్ట్ వాల్యూమ్ (పెద్దమొత్తంలో కొనే) ఒప్పందాల్లో అఫిలియేట్ అంటే 50 శాతం దాటిన వాటా. వియత్నాం కంపెనీ ఆ లెక్కకు సరిపోతే, మీ కొనుగోలు ఒప్పందంలో అఫిలియేట్లు చేరి ఉంటే, కేటాయించుకోవచ్చు.

కేటాయించేటప్పుడు ప్రతి వాడకందారు ప్రొఫైల్‌లో ‘యూసేజ్ లొకేషన్’ అన్న గడి చూడండి. దాన్ని నింపకుండా ఒక్కొక్కరికి లైసెన్సు ఇవ్వబోతే ఎర్రర్ వస్తుంది. గ్రూపు ద్వారా ఇస్తే మాత్రం ఎర్రర్ రాదు. గడి ఖాళీగా ఉన్నవాళ్లందరికీ మీ సంస్థ దేశమే, అంటే ఇండియానే, చడీచప్పుడు లేకుండా పడిపోతుంది. ఏ దేశంలో ఏ సేవలు ఇవ్వొచ్చన్నది ఆ గడిని బట్టే నిర్ణయమవుతుంది కాబట్టి, గ్రూపులో చేర్చకముందే వియత్నాం వాళ్లకి వియత్నాం అని పెట్టండి.

చైనాలో ట్వంటీవన్ వయానెట్ అనే అక్కడి కంపెనీ నడిపే మైక్రోసాఫ్ట్ 365 పూర్తిగా వేరే సేవ, ఖాతాలు వేరు, కొనుగోలు వేరు. అక్కడి ఇద్దరు మీ ఇప్పటి ఖాతాతోనే పనిచేయాలా, ఆ సేవ కొనాలా అన్నది అక్కడి డేటా నియమాలు తెలిసిన న్యాయవాదిని అడిగి తేల్చుకోండి.

ప్రశ్న: మాది చిప్ డిజైన్ సేవల సంస్థ. మ్యూనిక్ ఆఫీసులో చేర్చుకోబోతున్న ఇంజనీరు ఇరాన్ పౌరుడు. అతనికి అమెరికన్ ఈడీఏ సాఫ్ట్‌వేర్ (చిప్‌లు డిజైన్ చేసేది) ఇవ్వకూడదని ఒకరు, ఇండియా కంపెనీకి అమెరికా చట్టంతో పనేమిటని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?
*- డిజైన్ విభాగం అధిపతి, హైదరాబాద్*

జవాబు: అమెరికా ఎగుమతి నియంత్రణ నిబంధనలు, అంటే ఈఏఆర్, కంపెనీని కాదు, వస్తువును వెంటాడతాయి. అమెరికాలో తయారైన సాఫ్ట్‌వేర్ హైదరాబాద్ మీదుగా మ్యూనిక్ వెళ్లినా ఆ నిబంధనల కిందే ఉంటుంది. దాన్ని రీ-ఎక్స్‌పోర్ట్ అంటారు. కాబట్టి రెండో మాట తప్పు. మొదటి మాట కూడా మొత్తంగా నిజం కాదు.

అవతలి దేశంలోని విదేశీయుడికి అందజేయడాన్నే అతని దేశానికి పంపినట్టు లెక్కగట్టే నియమం ఒకటుంది. అది సోర్స్ కోడుకూ, టెక్నాలజీకీ మాత్రమే వర్తిస్తుంది. టెక్నాలజీ అంటే డిజైన్ వివరాలు, తయారీ పద్ధతుల్లాంటివి. ఇన్‌స్టాల్ చేసుకుని వాడే ఆబ్జెక్ట్ కోడుకు, అంటే మామూలు ప్రోగ్రాముకు, ఆ నియమం వర్తించదు. అందుకని జర్మనీలో కూర్చున్న ఇరాన్ పౌరుడు ఈడీఏ టూలు తెరిచినంత మాత్రాన ఇరాన్‌కు ఎగుమతి చేసినట్టు కాదు. ఆ టూలుతో పాటు వచ్చే ఫౌండ్రీ కిట్టు (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ ఇచ్చే డిజైన్ వివరాలు), ప్రాసెస్ వివరాలు, నియంత్రణలో ఉన్న సోర్స్ కోడు అతని స్క్రీన్ మీదికి వచ్చినప్పుడు సమస్య మొదలవుతుంది. చూపించడం కూడా అందజేయడమే. ఫైలు పంపక్కర్లేదు.

అతని పౌరసత్వం ఎలా చూడాలన్నదీ ముఖ్యమే. అన్నిటికన్నా ఇటీవలి పౌరసత్వం, లేదా శాశ్వత నివాస హక్కు ఏ దేశానిదో అదే లెక్క. అతనికి జర్మనీ శాశ్వత నివాస అనుమతి వచ్చి ఉంటే ఈ నియమం కింద అతణ్ణి జర్మనీ మనిషిగానే చూస్తారు. తాత్కాలిక వర్క్ పర్మిట్ మాత్రం చాలదు.

మీరు చేయాల్సింది ఇది. ప్రతి టూలుకు ఈసీసీఎన్ అనే ఎగుమతి వర్గీకరణ కోడు ఏమిటో తయారీదారుని అడగండి, చాలామంది వెబ్‌సైట్లలో పట్టికే పెడతారు. అందులో అయిదు అక్షరాలుంటాయి. మొదటి అంకె విభాగం, తర్వాతి ఇంగ్లిష్ అక్షరం రకం. డి అంటే సాఫ్ట్‌వేర్, ఇ అంటే టెక్నాలజీ. 5డి992 అంటే బజారులో అందరికీ దొరికే ఎన్‌క్రిప్షన్ ఉన్న సాఫ్ట్‌వేర్, దానితో పెద్దగా ఇబ్బంది లేదు. 3డి006 కనిపిస్తే ఆగండి. గేట్ ఆల్ అరౌండ్ అనే కొత్త తరం ట్రాన్సిస్టర్ల డిజైన్ కోసం తయారైన ఈడీఏ సాఫ్ట్‌వేర్‌ని 2022 ఆగస్టులో ఆ కోడు కింద నియంత్రణలోకి తెచ్చారు. చేరబోయే మనిషి పేరు, అంతకుముందు పనిచేసిన సంస్థ పేరు అమెరికా వాణిజ్య శాఖ ఉచితంగా పెట్టిన కన్సాలిడేటెడ్ స్క్రీనింగ్ లిస్టులో (ఆంక్షలున్న వ్యక్తులు, సంస్థల జాబితా) వెతికి, ఆ ఫలితాన్ని తేదీతో సహా దాచుకోండి. ఈ నిబంధనలు ఎంత త్వరగా మారతాయో 2025లోనే చూశాం. మే నెలాఖరులో చైనాకు ఈడీఏ అమ్మకాలపై పెట్టిన ఆంక్షను జూలై మొదటి వారంలో ఎత్తేశారు. కాబట్టి ఏడాది కిందటి చెక్‌లిస్టు మీద ఆధారపడకండి.

మన దేశం వైపు స్కోమెట్ (ఎగుమతికి అనుమతి కావాల్సిన వస్తువుల) జాబితా ఉంది, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ డీజీఎఫ్‌టీ చూస్తుంది. దాని ఎనిమిదో కేటగిరీలో ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు, ఎన్‌క్రిప్షన్ వస్తాయి. హైదరాబాద్ సర్వరు నుంచి మ్యూనిక్‌లో డౌన్‌లోడ్ చేసుకోనివ్వడం కూడా ఎగుమతే. ఒకే గ్రూపు కంపెనీల మధ్య పదేపదే పంపేవారికి ‘గ్లోబల్ ఆథరైజేషన్ ఫర్ ఇంట్రా కంపెనీ ట్రాన్స్‌ఫర్’ అన్న అనుమతి విధానం ఉంది. మీ వస్తువు దాని కిందికి వస్తుందేమో చూడండి.

ఒక్క జాగ్రత్త. ఇదంతా చదివి ‘ఫలానా దేశంవాళ్లు వద్దు’ అని ఉద్యోగ ప్రకటనలో రాయకండి. జర్మనీలో అది వివక్ష కింద కేసు కావొచ్చు, అమెరికాలో కూడా పౌరసత్వ వివక్ష మీద విడిగా చట్టం ఉంది. ఉద్యోగం ఖాయమయ్యాక, ఆ ఫైళ్లు ముట్టుకోవాల్సిన పోస్టులకు మాత్రమే వివరాలు అడగండి, అవసరమైతే ఆ ఫోల్డరుకు యాక్సెస్ తీసేయండి. అమెరికాలో హెచ్-1బీ, ఎల్-1 వీసాల మీద మనవాళ్లని తీసుకునే సంస్థలు ఐ-129 ఫారం ఆరో భాగంలో సంతకం పెట్టేది సరిగ్గా ఈ విషయం మీదే. ఆ ఉద్యోగికి అందజేసే టెక్నాలజీకి ఎగుమతి లైసెన్సు కావాలో అక్కర్లేదో పరిశీలించామని ధ్రువీకరించాలి. పరిశీలించకుండా పెట్టిన టిక్కు ఆ కంపెనీ మీదికే వస్తుంది.

ప్రశ్న: జీపీఎల్ లైసెన్సు ఉన్న ఒక టూలుని మా అవసరానికి మార్చుకున్నాం. శ్రీలంకలోని మా సబ్సిడరీకీ, నేపాల్‌లో ఇంటినుంచి పనిచేసే ఇద్దరు కాంట్రాక్టర్లకీ ఇస్తే సోర్స్ కోడు బయటపెట్టాలా?
*- టెక్ లీడ్, విజయవాడ*

జవాబు: జీపీఎల్ అంటే సోర్స్ కోడుతో సహా పంచుకోవాలనే ఓపెన్ సోర్స్ లైసెన్సు. అయినా ప్రపంచానికి బయటపెట్టక్కర్లేదు. జీపీఎల్ ఎవరికి ప్రోగ్రాం ఇచ్చారో వాళ్లకే సోర్స్ ఇమ్మంటుంది. ఒకే సంస్థలో కాపీలు చేసి వాడుకోవడం పంపిణీ కాదని ఆ లైసెన్సు రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వివరణ. ఎక్కువ వాటా మీదే అయిన సబ్సిడరీకి ఇవ్వడం పంపిణీ అవుతుందా లేదా అన్నది ఆయా దేశాల కాపీరైట్ చట్టాన్ని బట్టి ఉంటుందని, అయినా తేడా పెద్దగా ఉండదని కూడా వాళ్లే చెప్పారు. మీ చేతిలో ఉన్న సంస్థ మీరు చెప్పకుండా దాన్ని బయటికి ఇవ్వదు కదా.

కాంట్రాక్టర్ల సంగతి వేరు. మీ ఆఫీసు బయట వాడుకోవడానికి వాళ్లకి కాపీ ఇస్తే అది పంపిణీయే. జీపీఎల్ మూడో వెర్షన్ రెండో సెక్షన్‌లో దీనికొక దారి ఉంది. మీ కోసమే మార్పులు చేసిపెట్టడానికో, నడిపిపెట్టడానికో, మీ ఆజమాయిషీలో, బయట ఇవ్వకూడదన్న షరతుతో ఇవ్వొచ్చు. ఆ షరతును కాంట్రాక్టులో రాయండి. రెండో వెర్షన్‌లో ఈ వాక్యం లేదు. అందుకని లైసెన్సు ఫైలు తెరిచి ఏ వెర్షనో చూశాకే పంపండి.

ప్రశ్న: అమెరికా కంపెనీ నుంచి గ్రూపు మొత్తానికి లైసెన్సులు హైదరాబాద్‌లో కొంటున్నాం. దుబాయ్, సింగపూర్ సబ్సిడరీలకు వాటి వాటా ఖర్చు వేయాలా? వదిలేస్తే నష్టమేమిటి?
*- అకౌంట్స్ మేనేజర్, బేగంపేట*

జవాబు: వదిలేయకండి. సబ్సిడరీ ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో మీకు అసోసియేటెడ్ ఎంటర్‌ప్రైజ్, అంటే అనుబంధ సంస్థ. ఉచితంగా ఇచ్చినా మార్కెట్ ధర ఎంతో అంత ఆదాయం మీకు వచ్చినట్టే ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ అధికారి (గ్రూపు కంపెనీల మధ్య ధరలు చూసే పన్ను అధికారి) లెక్కగట్టగలరు. సీట్ల సంఖ్య ప్రకారం పంచండి. ఏ నెలలో ఎవరికి ఎన్ని సీట్లున్నాయో తెలిపే షీటును ఇన్వాయిస్‌కు జతచేయండి. ఇన్వాయిస్ మీద మాత్రం ‘సాఫ్ట్‌వేర్ లైసెన్సు అమ్మకం’ అని రాయొద్దు. మీకు అమ్మే హక్కు లేదు. ఆ ఒక్క మాటతో ఒప్పందం మీరే ఉల్లంఘించినట్టు కాగితం పుట్టించుకుంటారు. ‘గ్రూపు ఒప్పందం కింద సాఫ్ట్‌వేర్ వాడకం ఖర్చులో వాటా’ అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టు.

జీఎస్టీలో రెండు అంచెలున్నాయి. అమెరికా కంపెనీకి కట్టేదాని మీద రివర్స్ ఛార్జ్‌లో 18 శాతం ఐజీఎస్టీ మీరే నగదు లెడ్జరు నుంచి కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. సబ్సిడరీకి వేసే ఇన్వాయిస్ సేవల ఎగుమతి కిందికి రావొచ్చు. ఇక్కడ రిజిస్టరైన కంపెనీ, విదేశంలో రిజిస్టరైన దాని సబ్సిడరీ వేర్వేరు వ్యక్తులేనని పరోక్ష పన్నుల బోర్డు సీబీఐసీ 2021 సెప్టెంబర్ 20న 161వ నంబరు సర్క్యులర్‌లో తేల్చింది. దుబాయ్‌లో మీది సబ్సిడరీ కాక బ్రాంచి అయితే ఈ లాభం లేదు. ఎల్‌యూటీని (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) ఏటా ఆర్థిక సంవత్సరం మొదట్లోనే వేయడం మరిచిపోవద్దు.

టీడీఎస్ విషయంలో 2021 మార్చి 2న ఇంజనీరింగ్ అనాలిసిస్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీకు అండ. కాపీరైట్ హక్కులేవీ బదిలీ కాకుండా కేవలం వాడుకోవడానికి విదేశీ కంపెనీకి కట్టే డబ్బు పన్ను ఒప్పందాల ప్రకారం రాయల్టీ కాదని చెప్పింది. దాన్ని వాడుకోవాలంటే అమ్మిన సంస్థ ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ మీ ఫైల్లో ఉండాలి. పన్ను ఒప్పందం లేని దేశం కంపెనీ అయితే దేశీయ చట్టంలోని రాయల్టీ నిర్వచనం, 2023 నుంచి పెరిగిన 20 శాతం రేటు ముందుకొస్తాయి. 2025 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. 2026 ఏప్రిల్ 1 తర్వాతి చెల్లింపులకు విదేశీ చెల్లింపుల టీడీఎస్‌కు ఉన్న పాత 195 నంబరు రాసి పంపితే బ్యాంకు తిప్పి పంపుతుందేమో ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: జర్మనీ ఆఫీసులో అక్కడివాళ్లు పన్నెండుమంది ఉన్నారు. హైదరాబాద్ లైసెన్సు సర్వరు నుంచే వాళ్లకి సీట్లు ఇస్తున్నాం. ఎవరెంతసేపు వాడారో లాగ్ తీయబోతే, వాళ్ల ఉద్యోగుల కౌన్సిల్ అభ్యంతరం చెప్పింది. సాఫ్ట్‌వేర్ మాది, సర్వరు మాది కదా!
*- డెలివరీ మేనేజర్, మ్యూనిక్*

జవాబు: కౌన్సిల్ మాటే చెల్లుతుంది. లైసెన్సు సర్వరు లాగ్ ఒక్కసారి తెరిచి చూడండి. సీట్ల లెక్క చూసే ఫ్లెక్స్‌నెట్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ప్రతి వరుసలో టైము, ‘అవుట్’ లేదా ‘ఇన్’, ఫీచరు పేరు, దాని పక్కనే వాడకందారు పేరు, మిషను పేరు ఉంటాయి. ఫలానా ఉద్యోగి 9.12కి సీటు తీసుకున్నాడు, 11.40కి వదిలాడు అని దాన్నిబట్టి చెప్పేయొచ్చు. జర్మనీ వర్క్స్ కాన్‌స్టిట్యూషన్ యాక్ట్ (ఉద్యోగుల కౌన్సిళ్ల చట్టం) 87వ సెక్షన్, మొదటి ఉపసెక్షన్ ఆరో అంశం ప్రకారం ఉద్యోగుల ప్రవర్తనను, పనితీరును గమనించగల సాంకేతిక ఏర్పాటు పెట్టాలంటే కౌన్సిల్ ఒప్పుకోవాలి. గమనించే ఉద్దేశం మీకు లేకపోయినా, గమనించే వీలుంటే చాలని అక్కడి కోర్టులు అంటాయి.

పైగా ఆ పేర్లు ఇండియాకు వస్తున్నాయి. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద ఇండియాకు అడెక్వసీ నిర్ణయం, అంటే ఇక్కడ డేటాకు సరిపడా రక్షణ ఉందన్న గుర్తింపు, లేదు. రెండు కంపెనీల మధ్య 2021 జూన్ 4న యూరోపియన్ కమిషన్ ఇచ్చిన స్టాండర్డ్ కాంట్రాక్టు క్లాజులు సంతకం చేసి ఉండాలి.

పరిష్కారం కష్టమేం కాదు. లైసెన్సు లెక్కకు మీకు కావాల్సింది ఒకేసారి ఎక్కువలో ఎక్కువ ఎన్ని సీట్లు బయట ఉన్నాయన్న అంకె, పేర్లు కాదు. సర్వరు ఆప్షన్స్ ఫైల్లో ‘నోలాగ్’ వరుసతో అవుట్, ఇన్ నమోదులను డీబగ్ లాగ్‌లోకి రాకుండా ఆపొచ్చు. అదే ఫైల్లో ‘ఇన్‌క్లూడ్’, ‘ఎక్స్‌క్లూడ్’ వరుసలతో జర్మనీ ఐపీ శ్రేణికి వాళ్ల కోసం కొన్న ఫీచర్లు మాత్రమే తెరుచుకునేలా పెట్టండి. ఏ సమాచారం, ఎన్ని రోజులు, ఎవరు చూస్తారు అన్నది కౌన్సిల్‌తో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. లాగుల సంగతి అటుంచి, ఆ సర్వరు నుంచి జర్మనీకి సీట్లు ఇచ్చే హక్కు మీకుందో లేదో మొదటి జవాబు ప్రకారం చూసుకోండి. ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్లలో సైటు లైసెన్సు, దేశం లైసెన్సు, గ్లోబల్ లైసెన్సు వేరువేరు ధరలకు అమ్ముతారు. అన్నిటికన్నా చవకదైన సైటు లైసెన్సు కొని దేశాలు దాటించడం ఆడిట్లలో తరచూ బయటపడే తప్పు.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఆడిట్ లేఖ వచ్చింది. విదేశీ ఆఫీసుల్లో వాడకం గురించి అడిగారు. అక్కడి మిషన్లలో వెంటనే అన్‌ఇన్‌స్టాల్ చేసేయమని మా ఎండీ గారు అంటున్నారు. జైలు దాకా వెళ్తుందా?
*- ఒక సిస్టమ్స్ ఇంజనీరు*

జవాబు: లేఖ అందాక ఏదీ తీసేయకండి. లాగిన్ చరిత్ర ఇప్పటికే వాళ్ల సర్వర్లలో ఉంది. తేదీలు పోల్చి చూస్తే సాక్ష్యం చెరిపారని తేలుతుంది, బేరమాడే బలం పోతుంది. ఇక మీదట వాడకం ఆపడం మాత్రం సరైనదే. సీటు వెనక్కి తీసుకోండి, మిషన్ని అలాగే ఉంచండి.

లేఖ ఏ కంపెనీ పేరున వచ్చిందో చూడండి. ఒప్పందంలో ఆడిట్ క్లాజు తీసి, ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో, ఎవరు చేయొచ్చో, ఏ సంస్థలకు వర్తిస్తుందో చదవండి. ఒప్పందంలో చేరని సబ్సిడరీ రికార్డులు అడిగే హక్కు వాళ్లకి దానంతటదే రాదు. జవాబు ఒక్కరి చేతి మీదుగానే వెళ్లాలి. రహస్య ఒప్పందం సంతకాలయ్యాకే వాళ్ల స్కానింగ్ టూలు నడవనివ్వండి, అంతకుముందే మీ లెక్క మీరు తేల్చుకోండి. ఆర్డరు ఫారం, ఇన్వాయిస్, లైసెన్సు సర్టిఫికెట్ దేశాలవారీగా మూడూ పక్కపక్కన పెట్టండి. తేడా వస్తే సాధారణంగా లోటు సీట్లు కొనిపించడంతో, వెనకటి కాలానికి కట్టించడంతో ముగుస్తుంది.

జైలు అన్న భయం దొంగ కాపీల విషయంలో నిజమే. మన కాపీరైట్ చట్టం 63బి ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ మీద వాడితే 7 రోజులకు తగ్గకుండా 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. 69వ సెక్షన్ కింద కంపెనీ వ్యవహారాలకు బాధ్యులైనవాళ్లూ నిందితులవుతారు. విదేశీ మిషన్లో క్రాక్ (లైసెన్సు తనిఖీని దాటవేసే దొంగ ప్రోగ్రాం) వేస్తే అక్కడి చట్టం వర్తిస్తుంది, యూఏఈలో అది 2021 నాటి 38వ నంబరు డిక్రీ చట్టం. డబ్బు కట్టిన లైసెన్సును షరతు దాటి వాడటం ఎక్కువగా ఒప్పంద వివాదంగానే నడుస్తుంది. మీది ఏ రకమో ఎండీ గారికి ముందు అది చెప్పండి.

సీట్లు వెనక్కి తీసుకునేటప్పుడు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ వాల్యూమ్ లైసెన్సుల్లో ఒకరికిచ్చిన సీటును మామూలుగా 90 రోజుల లోపు మరొకరికి మార్చకూడదు. ఉద్యోగి శాశ్వతంగా మానేసినప్పుడు, మిషను పూర్తిగా చెడిపోయినప్పుడు మినహాయింపు ఉంది. విదేశీ ఆఫీసులో ఎవరైనా మానేస్తే రాజీనామా ఆమోదించిన ఈమెయిల్‌ను లైసెన్సు ఫైల్లో కూడా ఒక కాపీ పెట్టండి. ఆ సీటు మర్నాడే ఇంకొకరికి ఎందుకిచ్చారని అడిగితే చూపించాల్సింది ఆ కాగితమే.